గుల్‌మార్గ్ మంచుకి సరిపడే స్కీలు

హైదరాబాద్‌లో ఉంటూ స్కీలు కొనడం తలనొప్పే, తొడుక్కుని జారి చూసే వీలుండదు కదా. గుల్‌మార్గ్‌లో అఫర్వత్ కొండ పైన పొద్దున్నే పిండిలాంటి పౌడర్ మంచు, మధ్యాహ్నానికి అంతా మంచు గడ్డలు. నా పాత కార్బన్ ఫైబర్ స్కీల జత తేలికే, గట్టిదే. కానీ గడ్డ తగిలితే కొన పక్కకి తన్నేసేది, దెబ్బంతా మోకాళ్లకి.

ఈసారి నడుము (స్కీ మధ్య భాగం) వెడల్పు 106 మిల్లీమీటర్లు, ఒక్కోటి 1,800 గ్రాముల దగ్గర చూశాను. లోపల పౌలోనియా అనే తేలికైన చెక్క, పాదం కింద టైటనల్ (అల్యూమినియం మిశ్రమం) రేకు. కొట్లో నిలబెట్టి చేత్తో నొక్కి చూశా: మధ్యలో కదలకూడదు, పైకి లేచిన కొన మాత్రం కాస్త వంగాలి. బరువు కంటే ఇదే ముఖ్యం అంటాను.

కొని ఇంటికొచ్చాక కొనల దగ్గర అంచు పదును రబ్బరు రాయితో కాస్త తగ్గించాను. (అమ్మ కత్తులు నూరుతున్నాననుకుంది!) ఇప్పుడు గడ్డల్లో చిక్కుకోవట్లేదు. గట్టి ఐస్ మీద మాత్రం బరువైన స్కీలే నయం.