సెప్టిక్ ట్యాంకు పొంగుతోందా? లారీని పిలిచే ముందు ఇవి చూడండి

తిరుపతిలో భూగర్భ డ్రైనేజీ ఉన్న వీధులు పోను, శివారు కాలనీల్లోనూ చిత్తూరు చుట్టుపక్కలా ఇల్లు కట్టుకుంటే సెప్టిక్ ట్యాంకే దిక్కు. పొంగిన ప్రతిసారీ లారీని పిలిపించి తోడిస్తాం, కొన్నాళ్ళకు మళ్ళీ పొంగుతుంది. ట్యాంకు నిండుగా ఉండటం జబ్బు కాదు. బయటికిపోయే పైపు అడుగు అంచు దాకా నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. ఆ అంచు దాటి పైకి వచ్చాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఫ్లష్ చేస్తే నీళ్ళు దిగడం లేదు

ఒక్క లెట్రిన్‌లోనే అయితే అడ్డు ఆ బేసిన్ కింద నీళ్ళు నిలిచి వాసనను ఆపే వంపు, అంటే ట్రాప్‌లోనో, దాని పైపులోనో ఉంది. ఇంట్లో అన్నిచోట్లా అయితే ట్యాంకుకు ముందున్న చాంబరు మూత తీయండి. చాంబరు ఖాళీగా ఉంటే ఇంటికీ చాంబరుకీ మధ్య అడ్డం పడింది. ఇక్కడ మామూలుగా కనిపించే తప్పు వాలు. 110 మి.మీ. పీవీసీ పైపుకు పది అడుగులకు 2 నుంచి 3 అంగుళాల వాలు ఉండాలి. తక్కువైతే మలం నిలిచిపోతుంది.

చాంబరు నిండి ఉంటే ట్యాంకు మూత తీయాలి. తీశాక పది నిమిషాలు దూరంగా నిలబడండి. అగ్గిపుల్ల, బీడీ దగ్గరికి రానివ్వకండి, లోపలికి తల పెట్టకండి. టార్చి వేసి నీటి మట్టం చూడండి. మట్టం సరిగ్గా ఉండి చాంబరు మాత్రం నిండి ఉంటే, లోపలికి వచ్చే టీ (T) ఆకారపు పైపులో తెట్టో గుడ్డో ఇరుక్కుంది. పొడవాటి వెదురు గడతో పైనుంచే పొడిస్తే వదులుతుంది. మట్టం బయటి పైపు కన్నా పైన ఉంటే ఇంకుడు గుంత, అంటే ట్యాంకులోంచి బయటికొచ్చే నీళ్ళు నేలలోకి ఇంకే గుంత, మూత తీయండి. గుంత ఖాళీగా ఉందంటే రెంటి మధ్య పైపు పూడింది. గుంత కూడా నిండి ఉంటే లారీ వల్ల ఒరిగేది కొద్ది రోజుల ఊరటే.

ఇంకుడు గుంత ఇంకడం లేదు

దీనికి మూడు కారణాలు, మూడింటికీ మందు వేరు.

మొదటిది, గోడలకు పట్టిన నల్లటి జిగురు. ట్యాంకును ఏళ్ళ తరబడి తోడించకపోతే మడ్డి బయటి పైపు గుండా గుంతలోకి పోయి మట్టి రంధ్రాలను మూసేస్తుంది. యాసిడ్ పోసినా, అంగట్లో అమ్మే బ్యాక్టీరియా పొడి వేసినా ఆ గుంత మళ్ళీ తెరుచుకోదు. రెండో గుంత తవ్వి, మధ్యలో చిన్న చాంబరు కట్టి నీళ్ళు అటు మళ్ళించండి. పాతదాన్ని కొన్ని నెలలు ఎండనిస్తే మళ్ళీ పనికొస్తుంది. స్థలం ఉన్నవాళ్ళు మొదటినుంచే రెండు గుంతలు పెట్టుకోవడం మంచిది.

రెండోది నేల. చిత్తూరు వైపు రెండు మూడు అడుగులు తవ్వగానే బండ తగిలే చోట్లు ఉన్నాయి. గరుసు నేల బాగా పీలుస్తుంది, జిగట నేల పీల్చదు. తవ్వే ముందే పరీక్షించండి. గుంత లోతు దాకా అడుగు వెడల్పు గుంట తీసి, అడుగున 2 అంగుళాల జల్లి వేసి, రాత్రంతా నీళ్ళు పోసి నాననివ్వండి. మరుసటి రోజు 6 అంగుళాల నీళ్ళు నిలిపి గడియారం చూడండి. ఒక అంగుళం దిగడానికి అరగంట దాటితే గుంత మీద ఆశ పెట్టుకోవద్దు. స్థలం ఉంటే పొడవాటి కందకాల్లో చిల్లుల పైపు వేయాలి. గంట దాటితే అదీ పనిచేయదు.

మూడోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు. 2021 నవంబరులో తిరుపతిలో వచ్చినట్టు వరద వస్తే భూగర్భ జలమే గుంతలోకి ఎక్కుతుంది. తోడించిన వెంటనే చూడండి, బయటి పైపులోంచి నీళ్ళు వెనక్కి ట్యాంకులోకి కారుతుంటే కారణం ఇదే. ఆ వారాల్లో బట్టల మెషీను నీళ్ళు వేరే దారి పట్టించడం తప్ప చేసేదేమీ లేదు. అసలు గుంత అడుగు, నీటి మట్టానికి కనీసం 2 మీటర్లు పైన ఉండాలి. లోతు తవ్వితే ఎక్కువ ఇంకుతుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది, అది వానాకాలంలో ఎదురు తిరుగుతుంది. మిద్దె మీది వాన నీళ్ళ పైపు ఎవరైనా ట్యాంకులోకి కలిపారేమో కూడా చూడండి. స్నానాల నీళ్ళకూ వంటింటి నీళ్ళకూ వేరే గుంత ఉంటే ఈ గుంత ఆయుష్షు పెరుగుతుంది.

వాసన

ఇంట్లోపల అయితే వాడని బాత్రూంలో ట్రాప్ ఎండిపోయి ఉంటుంది, చెంబెడు నీళ్ళు పోయండి. ఆరుబయట అయితే గాలి పైపు పొట్టిదై ఉంటుంది. ఇంటికి 15 మీటర్ల లోపు ట్యాంకు ఉంటే ఆ పైపు మిద్దె పైన ఇంకో 2 మీటర్లు లేవాలి. దాని కొసకు దోమల జాలి కట్టి, అది పూడకుండా చూడండి. మూతగా వేసిన కడప బండల సందులు సిమెంటుతో మూయించండి.

ట్యాంకు ఎన్నేళ్ళైనా నిండదు, లేదా బోరు నీళ్ళు వాసన

ఎన్నేళ్ళైనా నిండలేదని సంతోషించే విషయం కాదు. అడుగు కాంక్రీటు లేకుండా సిమెంటు ఒరలు దించి దాన్నే ట్యాంకు అన్నారన్నమాట, మురుగు నేరుగా నేలలోకి పోతోంది. కొత్త ట్యాంకును వాడకముందే బయటి పైపు దాకా నీళ్ళు నింపి, గీత గీసి, మరుసటి రోజు చూడాలి. గీత దిగితే అప్పుడే ప్లాస్టరింగు సరిచేయించాలి. వాడుకలో ఉన్న ట్యాంకులోకి మాత్రం మేస్త్రీని దింపకండి, పక్కన రెడీమేడ్ ట్యాంకు పెట్టించండి. ప్లాస్టిక్‌దైతే మట్టి కప్పేటప్పుడే నీళ్ళు నింపాలి, లేకుంటే వానలకు పైకి తేలుతుంది.

తాగే బోరుకూ బావికీ ఇంకుడు గుంత కనీసం 18 మీటర్లు, అంటే సుమారు 60 అడుగుల దూరంలో ఉండాలి. 40 అంకణాల స్థలంలో, 30 అడుగులకు 48 అడుగులు, మూల నుంచి మూలకు కొలిచినా 57 అడుగులు దాటదు. పైగా బండ నేలలో పగుళ్ళ వెంట మురుగు మరింత దూరం పోతుంది. అందుకే బోరు ఎత్తు వైపు, గుంత పల్లం వైపు పెట్టండి. పక్కింటి బోరు కూడా లెక్కలోకి తీసుకోండి. బోరు కేసింగ్ గట్టి రాతి దాకా దించి, పైన చుట్టూ సిమెంటు పోయించండి. అనుమానం ఉంటే నీళ్ళలో మల కాలుష్యాన్ని పట్టే హెచ్2ఎస్ పరీక్ష సీసాలో నీళ్ళు పట్టి ఒకటి రెండు రోజులు ఉంచండి. నల్లబడితే మల కాలుష్యం ఉన్నట్టే, ఆ నీళ్ళు తాగవద్దు.

ఇంటి ప్లాను అనుమతి రాకుండా తిరిగొచ్చింది

ముందు వీధిలో డ్రైనేజీ మెయిన్ ఉందో లేదో వార్డు సచివాలయంలో అడగండి. ఉంటే కనెక్షనే తీసుకోవాలి. లేకపోతే లైసెన్సున్న సాంకేతిక నిపుణుడితో ఏపీడీపీఎంఎస్‌లో (ఇంటి ప్లాన్లకు అనుమతులిచ్చే రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటు) పెట్టే ప్లానులో ట్యాంకు, గుంత, బోరు మూడూ కొలతలతో, మధ్య దూరాలతో గీయించండి. కొలతలకు ఆధారం సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐఎస్ 2470. ఐదుగురికి లోపలి కొలత 1.5 మీ. పొడవు, 0.75 మీ. వెడల్పు, 1 మీ. నీటి లోతు, పైన 30 సెం.మీ. ఖాళీ. పైనా కిందా అద్దెకిచ్చి పదిమంది ఉంటే 2 మీ., 0.9 మీ., 1.4 మీ. లోతు. 2,000 లీటర్లు దాటిన ట్యాంకుకు పొడవులో మూడింట రెండొంతుల దగ్గర అడ్డుగోడ కట్టాలి. లోపలికి వచ్చే పైపు కన్నా బయటికిపోయేది 5 సెం.మీ. కిందికి ఉండాలి. మేస్త్రీలు రెంటినీ ఒకే మట్టంలో పెట్టేస్తారు, దగ్గరుండి చూసుకోండి.

ఎప్పుడు తోడించాలి?

రెండు మూడేళ్ళకోసారి. ఇంకా కచ్చితంగా కావాలంటే పొడవాటి కర్ర చివర మూడు అడుగుల మేర పాత తెల్ల టవలు చుట్టి, అడుగు తగిలేదాకా నెమ్మదిగా దించి, కాసేపు ఉంచి తీయండి. టవలు మీద నల్లటి మడ్డి అంటిన ఎత్తే మడ్డి లోతు. నీటి లోతులో మూడో వంతు దాటితే లారీని పిలవండి.

తోడేది గొట్టంతోనే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దింపడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం కింద నేరం. తొలిసారికే రెండేళ్ళ దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లోపలి విషవాయువుకు మనిషి క్షణాల్లో పడిపోతాడు, కాపాడబోయి దిగినవాడూ పడిపోతాడు. లారీ కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14420కు ఫోను చేయవచ్చు. అడుగున కాస్త మడ్డి వదలమని డ్రైవరుకు చెప్పండి, కొత్త మురుగు కుళ్ళడానికి అదే తోడు. లారీ కదిలాక ట్యాంకును మామూలు నీళ్ళతో బయటి పైపు అంచు దాకా నింపి మూత వేయండి.