జనరేటర్ టచ్ స్క్రీన్ పాఠాలు – 4: అలారం పేజీ చదవడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క. 125 కేవీఏ జనరేటర్ సెట్టు ఫుల్ లోడ్‌లో ఉంటే ఒక్కో ఫేజులో ఎన్ని ఆంపియర్లు? 1,25,000 ఓల్ట్-ఆంపియర్లను 415 ఓల్టులతో, వచ్చినదాన్ని 1.732తో (మూడు వర్గమూలం) భాగిస్తే సుమారు 174. 62.5 కేవీఏ సెట్టుకు అందులో సగం, 87. మీ సెట్టు అంకెను మార్కర్‌తో ప్యానెల్ తలుపు లోపలివైపు రాసిపెట్టుకోండి. లోడ్ పేజీ చూసిన ప్రతిసారీ ఆ అంకె కళ్లెదురుగా ఉండాలి.

ఇక ఈ పాఠం. హోమ్ పేజీ మీటర్లు ఎవరికైనా రెండు మూడు రోజుల్లో అలవాటవుతాయి. చేతులు తొందరపడేది అలారం పేజీ దగ్గరే. గుంటూరులో మిర్చి సీజన్. కోల్డ్ స్టోరేజీ చాంబర్ల నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు). మధ్యాహ్నం కరెంటు పోయింది, డీజీ (డీజిల్ జనరేటర్) ఎత్తుకుంది, పావుగంటకే ఆగిపోయింది. తెర ఎర్రబడింది, సైరన్ మోగుతోంది, లోపల కంప్రెసర్లు ఆగి ఉన్నాయి. అప్పుడు వేలు నేరుగా రీసెట్ మీదికి పోతుంది. పోనివ్వకండి.

సైరన్ ఆపడం వేరు, అలారం రీసెట్ చేయడం వేరు. స్పీకర్ బొమ్మ మీద అడ్డగీత ఉన్న బటన్ సైరన్ గొంతు మాత్రమే నొక్కుతుంది, అలారాన్ని అలాగే ఉంచుతుంది. అది వెంటనే నొక్కండి, తప్పులేదు. చెవులు హోరెత్తుతుంటే ఏదీ నిదానంగా చదవలేం. రీసెట్ మాత్రం అలారాన్ని తెర మీది నుంచి తీసేస్తుంది. అందులో ఒక పెద్ద ప్రమాదం ఉంది. సెట్టు ఆటో మోడ్‌లో ఉండి కరెంటు ఇంకా రాకపోతే, రీసెట్ నొక్కిన మరుక్షణం కంట్రోలర్ (తెర వెనకుండి సెట్టును నడిపే పెట్టె) తన పని తాను చేస్తుంది: మళ్లీ సెల్ఫ్ కొడుతుంది. అదే సమయంలో ఇంకొకరు కానపీ (సెట్టును కప్పే రేకు డబ్బా) తలుపు తీసి ఫ్యాన్ బెల్టు పట్టుకుని చూస్తూ ఉండొచ్చు.

అందుకే వరుస ఇలా ఉండాలి. సైరన్ మ్యూట్. వెంటనే మోడ్‌ను ఆటో నుంచి స్టాప్‌కు మార్చడం. అలారం పేజీకీ, ఈవెంట్ లాగ్‌కూ ఫోన్‌తో ఫొటో తీయడం; ఫొటోలో తేదీ, సమయం, అవర్ మీటర్ (ఇంజిను నడిచిన గంటలు) స్పష్టంగా రావాలి. ఇంజిను మీద చేయి వేయాల్సి వస్తే ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి ఉంచి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయడం. రీసెట్ అన్నిటికన్నా చివర.

తెర మీద మాటల బరువు కూడా తెలియాలి. వార్నింగ్ అంటే ఇంజిను నడుస్తూనే ఉంటుంది, మిమ్మల్ని పిలుస్తోంది. ట్రిప్ అంటే బ్రేకర్ తెరుచుకుని లోడ్ వదిలేసింది. ఇంజిను కొన్ని నిమిషాలు ఖాళీగా తిరిగి, టర్బో చల్లబడ్డాక ఆగుతుంది. ఆ ఖాళీ తిరుగుడు చూసి కంగారుగా ఎమర్జెన్సీ నొక్కకండి, వేడి మీదున్న టర్బో బేరింగుకు ఆయిలు అందకుండా పోతుంది. షట్‌డౌన్ అంటే ఇక ఒక్క క్షణం కూడా తిరగకూడదని కంట్రోలర్ తేల్చింది. రంగులు కంపెనీని బట్టి మారొచ్చు, ఈ మూడు మెట్లు మాత్రం దాదాపు అన్ని తెరల్లోనూ ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. ఒక తప్పు జరిగితే తెర మీద ఒకటే అలారం రాదు. మొదటిది రెండోదాన్ని లాగుతుంది, రెండోది మూడోదాన్ని. చాలా కంట్రోలర్లు కొత్త అలారాన్ని పైన చూపిస్తాయి. పెద్ద అక్షరాలతో కనిపించేది చివర వచ్చినది, అంటే కారణానికి అన్నిటికన్నా దూరంగా ఉన్నది. లాగ్‌ను కింది నుంచి పైకి చదవాలి. ఈ నమూనా చూడండి:

14:31:52 – షట్‌డౌన్ – లో ఆయిల్ ప్రెజర్
14:31:48 – ట్రిప్ – అండర్ వోల్టేజ్
14:31:45 – వార్నింగ్ – అండర్ ఫ్రీక్వెన్సీ
14:06:10 – వార్నింగ్ – లో ఫ్యూయల్ లెవెల్

పై వరుస ఒక్కటే చదివినవారు ఆయిల్ పంపు పోయిందంటారు. మెకానిక్‌ని పిలిపిస్తారు, సంప్ (ఇంజిను కింది ఆయిల్ తొట్టి) విప్పిస్తారు. కింది నుంచి చదవండి. రెండు గంటల ఆరు నిమిషాలకు డీజిల్ తగ్గిందని తెర చెప్పింది, ఎవరూ చూడలేదు. ఇరవై అయిదు నిమిషాల తర్వాత డీజిల్ అందక ఇంజిను స్పీడు 1500 నుంచి దిగింది. నాలుగు పోళ్ల ఆల్టర్నేటర్‌కు 1500 తిరుగుళ్లంటేనే 50 హెర్ట్జ్; స్పీడు తగ్గితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, వెనకే వోల్టేజీ పడిపోతుంది. ఆయిల్ పంపును తిప్పేది కూడా ఆ ఇంజినే కాబట్టి ఆగిపోతున్న ఇంజినులో ఆయిల్ ప్రెజర్ పడిపోవడం సహజం. ఆయిలుకు ఏమీ కాలేదు. ట్యాంకు ఖాళీ అయింది, అంతే. 125 కేవీఏ సెట్టు ఫుల్ లోడ్‌లో గంటకు సుమారు 25 నుంచి 30 లీటర్లు తాగుతుందని గుర్తుంచుకుంటే మొదటి వార్నింగ్‌ను తేలిగ్గా తీసుకోరు.

ట్యాంకు నింపాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి. పైపుల్లోకి గాలి చేరి ఉంటుంది. ఫిల్టర్ హౌసింగ్ మీద ఉండే ఎయిర్ స్క్రూ కొద్దిగా వదులు చేసి, బుడగలు లేకుండా డీజిల్ ధారగా వచ్చేవరకు హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న డీజిల్ పంపు) కొట్టి, స్క్రూ బిగించండి. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హైప్రెజర్ గొట్టం నుంచి డీజిల్ అందే) ఇంజినయితే ఫిల్టర్ దాకానే మీ పని. ఇంజెక్టర్లకు వెళ్లే హైప్రెజర్ పైపుల నట్లు వదులు చేయకూడదు. నడిచేటప్పుడు అక్కడి ప్రెజర్ వెయ్యి బార్ దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

లాగ్ వరుస నమ్మాలంటే తెరలో గడియారం సరిగ్గా ఉండాలి. కొన్ని తెరల్లో గడియారం నడిచేది చిన్న కాయిన్ సెల్ మీద. అది అయిపోతే, బ్యాటరీ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. నెలకోసారి సరిచూస్తే చాలు.

కంప్యూటర్ (ఈసీయూ) ఉన్న ఇంజిన్లలో అలారం పేజీకి తోడు ఇంజిను ఫాల్టుల పేజీ ఇంకొకటి ఉంటుంది. అక్కడ మాటల బదులు అంకెలు కనబడతాయి: ఎస్‌పీఎన్ 100, ఎఫ్‌ఎంఐ 1 అని. భయపడాల్సిందేమీ లేదు. జే1939 అనే పద్ధతిలో ఈ అంకెలు చాలావరకు ఏ కంపెనీ ఇంజినుకైనా ఒకటే. ఎస్‌పీఎన్ ఏ భాగమో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఆ భాగానికి ఏమైందో చెబుతుంది. డీజీ దగ్గర తరచుగా కనబడేవి కొన్నే. 100 ఆయిల్ ప్రెజర్. 110 కూలెంట్ టెంపరేచర్. 111 కూలెంట్ లెవెల్. 190 ఇంజిను స్పీడు. 97 డీజిల్‌లో నీళ్లు. 168 బ్యాటరీ వోల్టేజీ.

రెండో అంకె దగ్గర ఇంకొంచెం ఆగండి, డబ్బు మిగిలేదీ ఇంజిను బతికేదీ అక్కడే. ఎఫ్‌ఎంఐ 0 అంటే కొలత ప్రమాదస్థాయికి మించింది, 1 అంటే ప్రమాదస్థాయి కిందికి పడింది. ఈ రెంటిలోనూ సెన్సారు మామూలుగానే పనిచేస్తోంది, ఇబ్బంది ఇంజినులోనే ఉంది. 15, 16 అంటే ఎక్కువవుతోంది గాని ఇంకా అంత దాకా రాలేదు. 17, 18 అలాగే తక్కువ వైపు. 3 అంటే సెన్సారు వైరులో ఉండాల్సినదానికన్నా వోల్టేజీ ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు పారడం లేదు, చాలాసార్లు వైరు తెగింది లేదా సాకెట్ ఊడింది. 2 అంటే రీడింగు నిలకడగా లేదు. ఈ నాలుగూ కనబడితే ముందు వెతకాల్సింది వైరింగులో.

అంటే ఎస్‌పీఎన్ 100, ఎఫ్‌ఎంఐ 1 వస్తే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఆగి పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ తుడిచి ముంచి చూడండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. ఉన్నా ప్రెజర్ లేదంటే అది మెకానిక్ పని. అదే ఎస్‌పీఎన్ 100, ఎఫ్‌ఎంఐ 4 అయితే సెన్సారు సాకెట్ దగ్గరికి వెళ్లండి. ఎలుక కొరికిన చోటు, క్లిప్పుకు రాసుకుని ఇన్సులేషన్ పోయి బాడీకి తగులుతున్న చోటు, సాకెట్లోకి దిగిన ఆయిలు – వీటినే ముందు చూడండి. కానీ ఒక మాట. ఫాల్టు వైరుదే అని తేలినా, ఆయిల్ ప్రెజర్ అసలు ఎంతుందో ఇప్పుడు తెరకు తెలియదు. మామూలు గేజి తగిలించి ప్రెజర్ చూడకుండా లోడ్ ఎక్కించొద్దు.

ఆ పక్కనే ఓసీ అని మరో అంకె ఉంటుంది, ఆ ఫాల్టు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పేది. 1 ఉంటే ఇదే మొదలు. 30, 40 ఉంటే ఏదో కనెక్షన్ వదులుగా ఉండి అదురుకు తగులుతూ వదులుతూ ఉందని అర్థం.

రీడింగులన్నీ ఒక్కసారిగా గీతలుగా మారి, ఈసీయూ డేటా ఫెయిల్ అని వస్తే సెన్సార్లను అనుమానించకండి. ఇంజిను కంప్యూటరుకూ తెరకూ మధ్యనున్న రెండు వైర్ల లైను దెబ్బతింది. సాధారణంగా ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ, మెలివేసి ఉంటాయి. పవర్ పూర్తిగా ఆపి, ఆ రెంటి మధ్య మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. లైను రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 చూపాలి. 120 చూపితే ఒక చివర రెసిస్టరు అందడం లేదు, లేదా మధ్యలో వైరు తెగింది. సున్నా దగ్గర చూపితే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుకున్నాయి. పవర్ ఉండగా ఓమ్స్ కొలిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు.

సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ తెర ఆరిపోయి మళ్లీ లోగో నుంచి మొదలవుతుంటే తెర చెడిపోయిందనుకుని మార్చేవారున్నారు. ముందు బ్యాటరీ చూడండి. 24 ఓల్టుల సెట్టులో నిండా ఛార్జ్ అయిన బ్యాటరీలు విశ్రాంతిగా 25.4 దాకా చూపాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 18 కిందికి జారుతుంటే బ్యాటరీలనూ, టెర్మినళ్ల మీది తెల్లటి పూతనూ చూసుకోవాలి.

ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతోందా? రెసిస్టివ్ (ఒత్తితే పనిచేసే) తెర అయితే సెట్టింగుల్లో కాలిబ్రేషన్ పేజీ తెరిచి, చూపిన గుర్తులను మొనతేలని స్టైలస్‌తో ఒక్కొక్కటిగా నొక్కండి, స్క్రూడ్రైవర్ వాడకండి. ఫోన్లలో ఉండే రకమయితే చెమట చేయీ నీటి చుక్కలూ దాన్ని తికమకపెడతాయి. ఆరిన వేలితో నొక్కండి. మిర్చి దుమ్ము పేరుకున్న తెరను పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. పవర్ తీసి, తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడవండి. థిన్నరు, పెట్రోలు, డీజిల్ వద్దు.

చివరగా పాస్‌వర్డ్ విషయం. విజయవాడ, గుంటూరు ఎండల్లో మే నెల మధ్యాహ్నం కూలెంట్ టెంపరేచర్ వార్నింగ్ రావడం మామూలే. పాస్‌వర్డ్ కొట్టి సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పరిమితిని అయిదో పదో డిగ్రీలు పెంచితే తెర ఊరుకుంటుంది. ఇంజిను ఊరుకోదు, హెడ్డు వంకరపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. దయచేసి ఆ పని చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. వేడికి కారణం ఎక్కువగా రేడియేటరే. కానపీ డీజీల్లో చాలావాటికి ఫ్యాను గాలిని ఇంజిను వైపు నుంచి రేడియేటర్లోకి నెడుతుంది. కాబట్టి మిర్చి దుమ్ము, జిన్నింగ్ మిల్లుల దగ్గరయితే పత్తి నూగు, ఆయిలు ఆవిరితో కలిసి రేడియేటర్ జాలి లోపలివైపు పేరుకుంటుంది. బయట నుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. టార్చితో లోపలి వైపు చూడండి. కడిగేటప్పుడు బయటి నుంచి లోపలికి, తక్కువ ప్రెజర్‌తో కొట్టాలి, లేకపోతే రేకులు వంగుతాయి. తెర మీద టెంపరేచర్ 50 డిగ్రీల కిందికి వచ్చేదాకా రేడియేటర్ మూత తీయొద్దు.

సాధన

ఒకటి. లాగ్‌లో కింది నుంచి: 10:15కి ఛార్జ్ ఫెయిల్ వార్నింగ్, 10:19కి హై కూలెంట్ టెంపరేచర్ వార్నింగ్, 10:21కి అదే షట్‌డౌన్. ఈ మూడింటికీ ఒకే భాగం కారణం. ఏది?

రెండు. ఆఫీసు గదిలో రెండో తెర కొత్తగా పెట్టారు. ఆ రోజు నుంచి ఈసీయూ డేటా అప్పుడప్పుడు పోతోంది. పవర్ ఆపి కొలిస్తే 40 ఓమ్స్. ఏం చేశారు, ఏం తీసేయాలి?

మూడు. ట్యాంకు నిండుగా ఉంది. ఖాళీగా తిరిగితే 50 హెర్ట్జ్, కంప్రెసర్లు ఎక్కి సగం లోడ్ కాగానే 46, లోడ్ తీస్తే మళ్లీ 50. ముందు ఏ ఫిల్టర్ చూస్తారు, ఎందుకు?

జవాబులు వచ్చే పాఠంలో. ఆ పాఠంలోనే వారంవారం ఆటో టెస్ట్ రన్ ఎలా పెట్టుకోవాలో, లోడ్ లేకుండా ఎంతసేపు నడపొచ్చో కూడా చూద్దాం.