పాత కమారోకి కొత్త ఇంజిన్ - 4వ పాఠం: ముందు బాడీ గట్టిపడాలి

పోయిన పాఠంలో చాసిస్ నంబరు చదవడం నేర్చుకున్నాం. మీ బండి నంబరు 124677 అని మొదలైతే అది 1967 షెవర్లే కమారో కన్వర్టిబుల్, వీ8 ఇంజిన్‌ది. మధ్యలో ఉన్న 67ని చూసి సంవత్సరం అనుకోకండి. అది కన్వర్టిబుల్ బాడీ కోడ్. సంవత్సరాన్ని చెప్పేది ఆ తర్వాతి 7.

ఎల్‌ఎస్3 అనే కొత్త వీ8 ఇంజిన్ ఎప్పుడు బిగిద్దామా అని చేతులు దురదపెడుతుంటాయని తెలుసు. ఇవాళ మాత్రం ఇంజిన్ జోలికి వెళ్ళం. పాతదాన్ని కూడా దించకండి, దాని బరువుతో పనుంది.

1967లో 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌కి 295 హార్స్‌పవర్ అని రాశారు. అది ఇంజిన్‌ను విడిగా బెంచీ మీద పెట్టి కొలిచిన గ్రాస్ లెక్క, బండిలో అంత రాదు. ఎల్‌ఎస్3 ఇచ్చే 430 ఇప్పటి నెట్ లెక్క, అంటే బండిలో ఉన్నట్టే సామాన్లన్నీ బిగించి కొలిచింది. అంటే అసలు తేడా కాగితం మీద కనిపించే 135 కంటే ఎక్కువే. ఆ అదనపు శక్తి బాడీని మెలితిప్పుతుంది, ఆ మెలి అంతా పడేది టాప్ లేని బాడీ మీద. ఈ బండికి ముందు భాగంలోనే విడి సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్‌ను మోసే ఇనుప చట్రం) ఉంటుంది, దాన్ని బాడీకి బోల్టులతో బిగించారు. వెనకంతా రేకు బాడీయే. కూపేలో, అంటే గట్టి టాప్ ఉన్న మోడల్లో, టాప్ ఆ బాడీని పట్టి ఉంచుతుంది. మనది కుక్కి మంచం లాంటిది, ఒక కోడు ఎత్తితే మిగతా మూడూ కదులుతాయి.

షెవర్లే వాళ్ళకీ ఇది తెలుసు. అందుకే తలుపుల కింద పొడవునా ఉండే రాకర్ అనే బాడీ భాగం లోపల అదనపు రేకు వేశారు, నాలుగు మూలలా నాలుగు డబ్బాలు పెట్టారు. ఒక్కో డబ్బాలో నూనె, స్ప్రింగుకి వేలాడే ఒక బరువు ఉంటాయి. బాడీ వణికితే ఆ బరువు ఎదురు ఊగి వణుకును మింగేస్తుంది. వీటికి కాక్‌టెయిల్ షేకర్లని ముద్దుపేరు. నాలుగూ కలిపి దాదాపు 45 కిలోలు. నన్నడిగితే తీసేయండి, కానీ పారేయకండి. రేపు బండిని పాత రూపానికి తేవాలనుకునే వాళ్ళెవరైనా కొంటే ముందు వాటినే అడుగుతారు.

ఇక కొలత. డ్రిల్ బిట్ల పెట్టె తీయండి. బండి నాలుగు చక్రాల మీద, చదునైన నేల మీద ఉండాలి. తలుపు వేసి, వెనక అంచు సందులో పైనొకచోట, కిందొకచోట బిట్టు కాడ దూర్చి చూడండి. 5 మిల్లీమీటర్లది బిగువుగా దూరితే సందు 5. రెండు తలుపులకీ చూసి రాసుకోండి. తర్వాత వెనక ఒక మూల జాకీ ఎత్తి మళ్ళీ కొలవండి. అంకె ఎంత మారితే బాడీ అంత మెలితిరుగుతున్నట్టు.

ఇప్పుడు సబ్‌ఫ్రేమ్‌కీ బాడీకీ మధ్య ఉన్న పాత రబ్బరు బుష్‌లు మార్చండి. నేనైతే అల్యూమినియంవి వేస్తాను. బోల్టులు బిగించే ముందు సబ్‌ఫ్రేమ్‌లోనూ బాడీలోనూ ఉన్న అలైన్‌మెంట్ రంధ్రాల్లోంచి 5/8 అంగుళం కడ్డీ రెండు వైపులా నిటారుగా దిగాలి. బుష్‌లు తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే ఎత్తు మారి, తర్వాత మనం చేయబోయే వెల్డింగ్ మీద లాగుడు పడుతుంది.

చివరికి సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు, అంటే ముందు ఫ్రేమునీ బాడీ అడుగున ఉన్న వెనక రెయిళ్ళనీ కలిపే గొట్టాలు. నా మొదటి బండికి కింద దూరడం సులువని మధ్యలో స్టాండ్లు పెట్టి ఎత్తి వెల్డ్ చేశాను. రెండు కొసలూ వాలిపోయి తలుపు పైసందు తెరుచుకుంది, అలాగే గడ్డకట్టింది. కిందికి దించాక కుడి తలుపు పడలేదు. గ్రైండర్‌తో కోసి మళ్ళీ చేయడానికి రెండు వారాంతాలు పోయాయి. కాబట్టి బరువు చక్రాల మీదే ఉండాలి, ర్యాంపులు వాడండి. పాత ఇంజిన్ ఉంచమన్నది ఇందుకే.

కార్పెట్ తీసేయండి, బ్యాటరీ వైరు విప్పండి, పెట్రోలు ట్యాంకు, లైను దించేయండి. ఎడమ ఒక అంగుళం, కుడి ఒక అంగుళం టాకా వేసి చల్లారనివ్వండి. నాలుగు టాకాలకోసారి బిట్టు దూర్చి చూడండి. సందు అర మిల్లీమీటరు కదిలినా ఆపేయాలి.

పనయ్యాక అదే మూల జాకీ ఎత్తి కొలవండి. పాత అంకె పక్కన కొత్తది రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో స్ప్రింగులు ఎంచుకునేటప్పుడు ఆ రెండూ కావాలి.