వాన లోటు నదికి, కుళాయికి ఎప్పుడు చేరుతుందో ముందే లెక్కగట్టడం ఎలా

2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఏడాది తిరగకముందే, 2024 వేసవిలో, అదే రాష్ట్రపు రాజధాని హైదరాబాదుకు తాగునీరిచ్చే నాగార్జునసాగర్‌లో మట్టం పడిపోయి, అత్యవసర మోటార్లతో నీళ్లు ఎత్తిపోసుకోవలసి వచ్చింది. ములుగు వాన గోదావరిలోకి పోయింది. నగరం తాగే నీటిలో పెద్ద వాటా కృష్ణది. అందువల్ల కరవును అంచనా వేయదలచినవారు మొదట చేయవలసిన పని, తమ కుళాయికి వచ్చే నీరు ఏ కొండల్లో పుడుతున్నదో తెలుసుకోవడం. సాగర్ విషయంలో ఆ కొండలు మహాబలేశ్వరం నుంచి తుంగభద్ర పుట్టే మలెనాడు దాకా ఉన్న పడమటి కనుమలు. మన ఊరి మబ్బు మన చేనుకు సంబంధించిన సంగతే గాని, సాగర్‌కు సంబంధించినది కాదు.

తరువాత ఆ ప్రాంతపు వర్షపాతాన్ని చూడాలి. వాతావరణ శాఖ లెక్కలో సాధారణం కంటే 20 నుంచి 59 శాతం తగ్గితే అది లోటు, 60 శాతం, అంతకు మించి తగ్గితే తీవ్ర లోటు. అయితే మొత్తం అంకె ఒక్కటే చూస్తే మోసపోతాము. వాన ఎప్పుడు కురిసింది, నడుమ ఎన్నాళ్లు బెట్ట పడింది అన్నది అంతకంటే ముఖ్యం. 2023 ఆగస్టులో దేశవ్యాప్తంగా వర్షపాతం 36 శాతం తగ్గింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. జలాశయాలు నిండవలసిన నెల అలా గడిచిపోతే, సెప్టెంబరు జల్లులు పైరును నిలబెట్టగలవేమో గాని నదిని నింపలేవు.

దీనికి కారణం నేలలో ఉంది. ఎండిన నేల మీద పడిన వాన ముందు ఆ నేల దాహం తీర్చాలి. అది తడిసి, పదును నిండి, ఇక పీల్చుకోలేని స్థితికి వచ్చాకే నీరు వాగు దారి పడుతుంది. నెల్లాళ్ల బెట్ట తరువాత కురిసిన మంచి వాన కూడా వాగులో చీలమండ లోతు నీరు పారించకుండానే ఇంకిపోవచ్చు. కనుక వాన నాలుగో వంతు తగ్గితే నదిలో ప్రవాహం కూడా నాలుగో వంతే తగ్గుతుందని అనుకోరాదు. సాధారణంగా అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. పైగా వానలు ఆగాక నదిలో పారేది చాలావరకు భూగర్భం నుంచి వచ్చే ఊట. బోర్లు ఆగి ఆగి పోయడం, ఏటా సంక్రాంతి దాకా పారే వాగు దీపావళికే తెగిపోవడం కనిపిస్తే, లోటు నేలను దాటి నదిని చేరుతున్నదని గ్రహించాలి.

ఇక జలాశయాలు. కృష్ణ మీద ఇవి వరుసగా నిండుతాయి: ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, ఆ తరువాతే సాగర్. పైవి నిండి గేట్లు ఎత్తకపోతే కిందివాటికి నిలకడైన వరద రాదు. ఆగస్టు నెలాఖరుకు శ్రీశైలం పూర్తి మట్టమైన 885 అడుగులకు చాలా దూరంలో ఉంటే, వచ్చే వేసవి గురించి అప్పుడే ఆలోచించడం మంచిది. ఇన్‌ఫ్లో అంకెను అర్థం చేసుకోవడానికి ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు: 11,574 క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) ప్రవాహం ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు.

ఎక్కువమంది పొరబడేది నిల్వ అంకె దగ్గర. సాగర్ పూర్తి సామర్థ్యం 590 అడుగుల వద్ద 312 టీఎంసీలు. కనీస వినియోగ మట్టమైన 510 అడుగుల వద్ద కూడా అందులో సుమారు 131 టీఎంసీలు ఉంటాయి. పత్రికలో 140 టీఎంసీలు అని చదివి నిశ్చింతగా ఉండేవారికి నేను చెప్పేది ఒక్కటే: అందులో సులభంగా వాడుకోగలిగినది తొమ్మిదే. హైదరాబాదుకు కృష్ణ నుంచి ఏడాదికి 16.5 టీఎంసీలు, అంటే నెలకు సుమారు 1.4 కావాలి, కాలువలకు 10,000 క్యూసెక్కులు వదిలితే నెలకు దాదాపు 26 టీఎంసీలు ఖర్చవుతాయి. అందుకే కోత మొదట ఆయకట్టుకు పడుతుంది. వాడుకోగలిగిన నిల్వలోంచి ఎండకు ఆవిరయ్యేది తీసివేసి, మిగిలినదాన్ని నెలవారీ అవసరంతో భాగించి చూస్తే, జూలై దాకా నీళ్లు ఆగుతాయో లేదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు. ప్రధాన జలాశయాల నిల్వల వివరాలను కేంద్ర జలసంఘం ప్రతి వారం ప్రకటిస్తుంది. వాటిని గత ఏడాదితోనే గాక పదేళ్ల సగటుతోనూ పోల్చాలి, ఎందుకంటే గత ఏడాది కూడా కరవే అయి ఉండవచ్చు.

కరవు తొలగేటప్పుడు కూడా అన్నీ ఒకేసారి కోలుకోవు. మొదటి వానలకే చేను పచ్చబడుతుంది. 2024 ఆగస్టు తొలి వారానికే సాగర్ దాదాపు నిండి గేట్లు తెరుచుకున్నాయి. భూగర్భజలం మాత్రం అన్నిటికంటే నిదానంగా పైకి వస్తుంది. కాబట్టి బోరు కింద యాసంగి వరి వేయదలచినవారు జలాశయం నిండిన వార్తను బట్టి గాక, తమ మండలంలో మే నెల భూగర్భజల మట్టాన్ని నవంబరు మట్టంతో పోల్చి చూసుకుని, అది తగినంత పైకి రాకపోతే ఆ ఏడాదికి తక్కువ నీటితో పండే ఆరుతడి పంటలే వేసుకోవాలి.