వెంటిలేటర్ మీద ఊపిరితిత్తి మూసుకుపోతే: ప్రెషర్ పెంచే ముందు

విశాఖ ఐసీయూల్లో కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లకూ, స్టాఫ్ నర్సులకూ రాస్తున్నాను. సాచురేషన్ తగ్గగానే చెయ్యి పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో మిగిల్చే ప్రెషర్) పెంచడానికే పోతుంది. ఎందుకు మూసుకుపోయిందో తేల్చుకోకుండా ప్రెషర్ జోలికి వెళ్లొద్దు.

లక్షణం: సాచురేషన్ ఉన్నట్టుండి పడింది, పీక్ ప్రెషర్ (గాలి లోపలికి వెళ్లేటప్పటి గరిష్ఠ ప్రెషర్) ఎగబాకింది, ఒక వైపు గాలి వినబడటం లేదు.

ఆక్సిజన్ 100 శాతం పెట్టి ట్యూబు మార్కు చూడండి. పెదవి దగ్గర ఆడవాళ్లకు 21, మగవాళ్లకు 23 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉండాలి. పాడేరు ఘాట్ దిగి, దారంతా అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) మీదే విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి చేరిన రోగికి ట్యూబు కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి వెళ్లే గొట్టంలోకి) జారి ఉండొచ్చు. అప్పుడు ఎడమ వైపు మూసుకుపోతుంది. కఫ్ (ట్యూబు చివరి బెలూన్) గాలి తీసి కాస్త వెనక్కి లాగి, మళ్లీ విని చూడండి. ట్యూబు సరిగ్గానే ఉంటే కఫం అడ్డుపడిందేమో, సక్షన్ చేయండి. పురుగుల మందు తాగినవాళ్లలో ఇది మరీ ఎక్కువ: ముందు స్రావాలు పొంగుతాయి, విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కాక అవే చిక్కబడతాయి. సక్షన్‌కి రాకపోతే బ్రాంకోస్కోపీ చేయాలి.

న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ ఛాతీలో గాలి చేరడం) కూడా ఇలాగే కనిపిస్తుంది. మూసుకుపోయిన ఊపిరితిత్తి శ్వాసనాళాన్ని తన వైపు లాక్కుంటుంది. ఛాతీలో చేరిన గాలి అవతలికి నెడుతుంది. అక్కడ ప్రెషర్ పెంచితే ప్రాణం పోతుంది. బీపీ కూడా కూలిపోతుంటే ఎక్స్‌రే కోసం ఎదురుచూడకుండా గాలి తీసేయాలి.

లక్షణం: గంటల మీద సాచురేషన్ జారుతోంది, అదే వాల్యూమ్‌కి ప్లాటో ప్రెషర్ (గాలి నిండాక ఒక్క క్షణం ఆపి చూసే ప్రెషర్) పెరుగుతోంది.

కారణాలు ఇవి కావచ్చు: పీప్ చాలకపోవడం, వెల్లకిలా పడుకోబెట్టడం, పొట్ట ఉబ్బడం, ప్లూరల్ నీరు, అవసరానికి మించిన ఆక్సిజన్. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తండి, రైల్స్ ట్యూబు (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) తెరిచి పొట్ట ఖాళీ చేయండి, నీరుంటే తీయించండి.

లక్షణం: సీటీకి తీసుకెళ్లి తెచ్చిన ప్రతిసారీ, సక్షన్ చేసిన ప్రతిసారీ పడిపోతోంది.

సర్క్యూట్ విప్పగానే పీప్ పోతుంది. క్లోజ్డ్ సక్షన్ వాడండి, అంబు బ్యాగ్‌కి పీప్ వాల్వ్ తగిలించండి.

ఇవన్నీ సరిచేశాకే రిక్రూట్‌మెంట్ (మూసుకున్న భాగాన్ని ప్రెషర్‌తో తెరవడం) మాట. న్యూమోథొరాక్స్ లేదని, బీపీ నిలకడగా ఉందని, తలలో ప్రెషర్ పెరగలేదని చూసుకుని, సీనియర్ మంచం పక్కనే ఉండగా, 30 నుంచి 40 సెంటీమీటర్ల నీటి పీడనం 30 సెకన్ల పాటు ఇస్తారు. బీపీ గానీ గుండె వేగం గానీ పడితే వెంటనే ఆపేయాలి. తెరుచుకున్న భాగాన్ని నిలబెట్టేది తర్వాత పెట్టే పీప్. పాత పీప్‌కే దిగిపోతే నిమిషాల్లో మళ్లీ మూసుకుంటుంది. అందుకే పీప్‌ని పైనుంచి రెండేసి సెంటీమీటర్లు తగ్గిస్తూ, కంప్లయన్స్ (ఊపిరితిత్తి సాగే గుణం) బాగున్న చోట ఆగండి.

ఏఆర్‌డీఎస్‌లో (రెండు ఊపిరితిత్తులూ వాచి నీరు చేరి ఆక్సిజన్ అందని తీవ్ర స్థితి) రిక్రూట్‌మెంట్‌ని అలవాటుగా చేయొద్దు. 2017లో వచ్చిన ఏఆర్‌టీ అధ్యయనంలో దూకుడు రిక్రూట్‌మెంట్, ఎక్కువ పీప్ ఇచ్చినవాళ్లలో 28 రోజుల మరణాలు 55.3 శాతం, తక్కువ పీప్ గుంపులో 49.3. తీవ్రమైన ఏఆర్‌డీఎస్‌లో నేను నమ్మేది బోర్లా పడుకోబెట్టడాన్నే. 2013 నాటి ప్రోసెవా అధ్యయనంలో విడతకు కనీసం 16 గంటలు అలా ఉంచితే మరణాలు 32.8 నుంచి 16 శాతానికి తగ్గాయి. తిప్పడానికి నలుగురైదుగురు కావాలి, కాబట్టి షిఫ్టు మారేలోపే మనుషుల్ని సిద్ధం చేసుకోండి. ట్యూబు పట్టుకునే మనిషి ఇంకే పనీ ముట్టుకోకూడదు.