క్యాన్సర్ ల్యాబ్‌లో కొత్తగా చేరారా? ముందు సెల్స్‌ని చూసుకోవడం నేర్చుకోండి

హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ బయాలజీ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ అవగానే చేరే పిల్లలకు సెల్ కల్చర్ (సెల్స్‌ని, అంటే కణాలను, ఒంటి బయట ఫ్లాస్కుల్లో పెంచడం) నేర్పేది నేనే. వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను గుర్తించే పరీక్ష) ఎప్పుడు చేయిస్తారని వాళ్లందరికీ ఒకటే ఆత్రం. నేను మాత్రం ముందు సెల్స్ దగ్గరే కూర్చోబెడతాను. ఫ్లాస్క్‌లో ఉన్నవి మనం అనుకుంటున్న సెల్స్ కాకపోతే ఆ పైన చేసిందంతా దండగే.

పొద్దున రాగానే ఫ్లాస్కులు ఒక్కసారి చూడండి. మీడియంలో, అంటే సెల్స్‌కి ఆహారమైన ద్రవంలో, ఆమ్లాన్ని బట్టి రంగు మారే ఫినాల్ రెడ్ ఉంటుంది. రంగు ఎర్రగా ఉంటే సరే. పసుపు తిరిగితే సెల్స్ నిండిపోయి ఆమ్లం పెరిగిందన్నమాట. పసుపుతో పాటు మబ్బుగా కూడా కనిపిస్తే బ్యాక్టీరియా చేరినట్టే అనుకుని ఆ ఫ్లాస్క్‌ని వెంటనే పక్కకు తీసేయండి. గులాబీ ఊదా రంగులోకి మారితే ఇంక్యుబేటర్‌లో కార్బన్ డయాక్సైడ్ 5 శాతం ఉందో లేదో చూడండి.

స్ప్లిట్ చేసేటప్పుడు (నిండిన సెల్స్‌ని ఊడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి పంచేటప్పుడు) చాలామంది తొందరపడతారు. పాత మీడియం తీసేశాక పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో తప్పకుండా కడగాలి. మీడియంలో కలిపే సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) కాస్త మిగిలినా, సెల్స్‌ని ఊడదీసే ఎంజైమ్ అయిన ట్రిప్సిన్ సరిగా పనిచేయదు. ట్రిప్సిన్ వేసి 37 డిగ్రీల్లో రెండు నిమిషాలు ఉంచి, మైక్రోస్కోప్ కింద పెట్టండి. పరుచుకుని ఉన్న సెల్స్ అంచులు ముడుచుకుంటూ, గుండ్రంగా మెరుస్తూ, ఒక్కొక్కటే ఊడి తేలడం కనిపిస్తుంది. గడియారాన్ని కాదు, దీన్ని చూసి ఆపాలి. హీలా అనే సెల్ లైన్ (ఒకే మూలం నుంచి తరతరాలుగా పెంచుతున్న సెల్స్) త్వరగా లేస్తుంది. గుంపులుగా పెరిగే రొమ్ము క్యాన్సర్ లైన్ ఎంసీఎఫ్-7కి ఇంకాస్త టైమ్ పడుతుంది. లేవడం లేదని ఫ్లాస్క్‌ని గట్టిగా కొట్టకండి, ముద్దలు కడతాయి. లేచాక సీరం ఉన్న మీడియం పోస్తే ట్రిప్సిన్ ఆగిపోతుంది.

హుడ్‌లో (వడగట్టిన శుభ్రమైన గాలి వీచే క్యాబినెట్‌లో) ఒకసారికి ఒక్క సెల్ లైనే పెట్టండి. ప్రతి లైన్‌కీ మీడియం బాటిల్ వేరుగా ఉండాలి. నేను బతిమాలి మరీ చెప్పే మాట ఇది. హీలా సెల్స్ హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార కణితి నుంచి 1951లో, ఆమెకు చెప్పకుండా తీసుకున్నవి. అదే ఏడాది ఆమె చనిపోయారు. సెల్స్ మాత్రం ఎంత జోరుగా పెరిగాయంటే, వేరే లైన్లు అనుకున్నవాటిలో చాలా నిజానికి హీలాయేనని 1966లో జన్యు శాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్లర్ బయటపెట్టారు. రొమ్ము క్యాన్సర్‌దని ఏళ్ల తరబడి వాడిన ఎండీఏ-ఎంబీ-435 కూడా మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) లైన్ అని తర్వాత తేలింది. అందుకే కొత్త లైన్ రాగానే ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (సెల్ లైన్‌ని గుర్తుపట్టే డీఎన్ఏ పరీక్ష) చేయించమని మీ గైడ్‌ని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా. అది చేరినా మీడియం మబ్బు పట్టదు, మామూలు మైక్రోస్కోప్‌లో కనబడదు. దానికి కణ కవచం లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. సెల్స్ మాత్రం మెల్లగా పెరుగుతూ తప్పుడు ఫలితాలిస్తాయి. పీసీఆర్‌తో (దాని డీఎన్ఏని గుర్తించే పరీక్షతో) నెలకోసారి పరీక్షించండి. బయటి ల్యాబ్ నుంచి వచ్చిన ఫ్లాస్క్‌ని, ఆ ఫలితం వచ్చేదాకా వేరే ఇంక్యుబేటర్‌లో ఉంచండి.

ఫ్లాస్క్ మీద సెల్ లైన్ పేరు, పాసేజ్ నంబర్ (ఎన్నిసార్లు స్ప్లిట్ చేశారో), తేదీ, మీ పొడి అక్షరాలు రాయండి. సీరం లాట్ నంబర్ నోట్‌బుక్‌లో ఎక్కించండి. లాట్ మారితే పెరుగుదల మారుతుంది.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు సెల్స్‌ని ఎవరికో అప్పజెప్పేకంటే ఫ్రీజ్ చేసి వెళ్లడం మేలు. బాగా పెరుగుతున్న దశలోనే తీసి, సీరంలో 10 శాతం డీఎంఎస్‌ఓ (గడ్డకట్టేటప్పుడు సెల్స్ దెబ్బతినకుండా కాపాడే ద్రవం) కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మైనస్ 80కి దింపండి. మర్నాడు లిక్విడ్ నైట్రోజన్‌లోకి మార్చండి. తిరిగొచ్చాక ట్యాంక్ నుంచి వయల్ తీసేటప్పుడు ఫేస్ షీల్డ్, గ్లోవ్స్ వేసుకోండి. లోపల నైట్రోజన్ చేరిన వయల్ వేడి తగలగానే పేలవచ్చు.