నాలుగో తరగతికి హక్కుల పాఠం: గుడ్డు పెట్టిన రోజు మొదలుపెట్టండి

'ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 1989, 54 ఆర్టికల్స్' అని బోర్డు మీద రాస్తే నాలుగో తరగతి పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుని మరిచిపోతారు. నేను మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజే ఈ పాఠం పెట్టుకుంటాను. చేతులు కడుక్కొని వచ్చాక అడుగుతాను: "ఈ గుడ్డు ఎవరిచ్చిన్రు?" వంటక్క అంటారు, సర్కారు అంటారు. "ఇయ్యకుంటే అడగొచ్చా?" అంటే మాత్రం అందరూ గప్‌చుప్. అడగొచ్చు. బడిలో వండిన అన్నం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013లో ఆహార భద్రత చట్టంలోకీ ఎక్కింది. ఈ సంగతి ఒక్కటి బుర్రకెక్కితే ఆ రోజుకు చాలు.

మర్నాడు చీటీలు. పేరు, బడి, ఆట, మందులు, మంచినీళ్లు, సెల్‌ఫోను, కొత్త సైకిల్. నలుగురేసి కూర్చుని, తప్పనిసరివి ఒక పక్క, ఉంటే బాగుండేవి ఒక పక్క పెట్టాలి. 'ఆట' దగ్గర కొట్లాట వస్తుంది, ఆపకండి. ఆట కూడా ఒడంబడికలో 31వ ఆర్టికల్ అని చివర్లో చెప్పండి, ఆ గంతులు చూడాలి!

పని గురించి చెప్పడమే కష్టం. మా గద్వాల వైపు సీడ్ పత్తి క్రాసింగ్ (విత్తనాల కోసం పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) మొదలైతే పిల్లలు చేన్లకు పోతారు. ఎవరెవరు పోయారని పేరు పెట్టి అడగొద్దు, అమ్మానాన్నల మీద చాడీ చెప్పించినట్టు అవుతుంది. నేను కాగితం మీద గడియారం గీయించి, పొద్దున లేచింది మొదలు చదువు, ఆట, పని, నిద్రకు తలా ఒక రంగు వేయిస్తాను. ఎవరి గడియారంలో ఏ రంగు ఎక్కువో వాళ్లకే కనబడుతుంది. అప్పుడు చట్టం చెప్పండి: 14 ఏళ్లలోపు వాళ్లను పనిలో పెట్టుకోకూడదు, బడి అయ్యాకో సెలవుల్లోనో ఇంటివాళ్లకు సాయం చేయొచ్చు.

కొట్టడం, అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. బెత్తం బల్ల మీద ఉంచుకొని ఇది చదివితే పిల్లలు లోలోపల నవ్వుకుంటారు.

ఆపదలో ఉన్న పిల్లలు సాయం కోసం ఫోన్ చేసే చైల్డ్‌లైన్ నంబరు 1098ని పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెట్టిస్తే మరిచిపోరు. ఆ తర్వాత ఎవరైనా మీ దగ్గరకొచ్చి ఏదో చెప్పబోవచ్చు. అందరి ముందూ ఆరా తీయకండి, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. లైంగిక వేధింపు అయితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కింద పోలీసులకు తెలియజేయడం మన విధి. రేపు హెడ్మాస్టరుతో మాట్లాడి చూద్దామని వాయిదా వేయడానికి లేదు.